ఒండ్రు ఎత్తిన ఎండాకాలం

ఇల్లు కొన్నామని మా ఆయన చెప్పినప్పుడు మా అత్త మరిడమ్మ గుడిసె ముందు కూర్చుని చిరిగిన వల బాగుచేస్తోంది. తల ఎత్తలేదు. చేతిలో నూలు ఆగలేదు.

“ఎక్కడ?” అంది.

“యానాంలోనమ్మా. ఏటొడ్డు వీధిలో. పెంకుటిల్లు,” అన్నాడు పల్లంరాజు. నడి గోదాట్లో గాలివాన పట్టుకున్నా జంకని మనిషి, తల్లి ముందు మాత్రం తలగుడ్డ విప్పుతూ మళ్ళీ చుట్టుకుంటూ నిలబడ్డాడు.

“దేంతో కొన్నావు?”

“పెద్ద నావలో మన సగం వాటా ఇచ్చేశానమ్మా.”

అప్పుడాగింది నూలు. ఆ నావ మా మామ చేయించింది. ఆయన పోయి ఎనిమిదేళ్ళయినా అత్త దాన్ని ‘మీ అయ్య నావ’ అనే అనేది. కొడుకుని కింద నుంచి పైదాకా ఒకసారి చూసి, “మీ అయ్య నావలో సగం అమ్మి మట్టి కొనుక్కొచ్చేవు,” అంది.

కోపంతో అన్నా ఆ మాట అక్షరాలా నిజం. మేము కొన్న ఇంటి నిండా మట్టే ఉంది.

అంతకు ముందటి శ్రావణంలో గోదారికి పెద్ద వరదొచ్చింది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి నలభై ఏళ్ళు దాటింది కదా, ఇక గోదారికి బుద్ధొచ్చిందని పైవాళ్ళు అనుకునేవారు. దిగువనున్న మాకు తెలుసు దాని సంగతి. ఆ వరదలో నీళ్ళు యానాం వీధుల్లోకి ఎక్కి, వారం రోజులుండి, పోతూ పోతూ ఏటొడ్డు ఇళ్ళలో ఒండ్రు మట్టి వదిలిపోయాయి. అందరూ ఎవరింట్లోది వాళ్ళు ఎత్తించుకున్నారు. ఒక్క ఇల్లు మాత్రం అలాగే ఉండిపోయింది. అది యానాం ఏలే పరాసు (ఫ్రెంచి) దొరల కచేరీలో పనిచేసే గుమాస్తాగారిది. ఆయనకి పుదుచ్చేరి బదిలీ అయింది. వదిలిపోయే ఊళ్ళో మట్టెవడు తవ్వుతాడని, పెంకులూ వాసాలూ విప్పి అమ్ముకుంటే ఎంతొస్తుందో అంతకే ఇల్లు ఇచ్చేస్తానన్నాడు.

అదే వరద మా పేటకీ వచ్చింది. యానానికి కూతవేటు దూరంలో, ఏటి గట్టు మీద మా గుడిసెలు. మా గుడిసెకి ముందు మూడు వరసలుండేవి. వరద తగ్గాక గట్టు కోసుకుపోయి చూస్తే మేమే ముందు వరస. చేపలు కడిగిన నీళ్ళు గుమ్మంలో నిలబడి పారబోస్తే గోదాట్లో పడేవి. మళ్ళీ వరద ఎర్రనీరు వచ్చేలోగా ఎక్కడికైనా కదలాలని నేనూ మా ఆయనా ఆరు నెలలుగా గుసగుసలాడుకుంటూనే ఉన్నాం.

ఆ మాటే చెప్పాను అత్తకి.

“మీరెళ్ళండి. నన్ను గోదారేం చెయ్యదు. యాభై ఏళ్ళ పొత్తు మాది,” అని మళ్ళీ వల అందుకుంది.

*

ఉగాది వెళ్ళిన మూడో నాడు ఇల్లు తెరవడానికి వెళ్ళాం. తెరవడానికి అంటే, తెరుచుకోలేదు. లోపల ఒండ్రు తలుపుకి ఆనుకుని గట్టిపడిపోయింది. పల్లంరాజు కిటికీ ఊచ ఒకటి ఊడబీకి ముందు తాను దూరాడు, తరవాత నన్ను లాగాడు.

లోపల నడుం లోతు మట్టి. పైన ఎండి, విరిగిన అప్పడాల్లా బీటలు వారింది. అడుగుపెడితే కింద ఇంకా మెత్తగా ఉంది. గోడ మీద నా భుజం ఎత్తున నీటి గీత. మూలల్లో పీతల బొరియలు. వాసాల సందుల్లో గబ్బిలాలు. నాకు ఏడుపొచ్చింది.

పల్లంరాజు చుట్టూ చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని పకపకా నవ్వాడు. “లోవా! ఇల్లు కొంటే పొలం ఊరికే ఇచ్చాడే గుమాస్తాగారు!”

ఆ నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది. ఆ రోజే పార పట్టాం.

కూలీలని పెట్టే స్తోమత లేదు. పొద్దున్న ఆయన వేటకెళ్ళి వచ్చేవాడు. నేను గంప నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరిగి చేపలమ్ముకుని, ఖాళీ గంపతో ఇక్కడికే వచ్చేదాన్ని. ఆ గంపతోనే మట్టి మోసేదాన్ని. ఆయన తవ్వి పోస్తే నేను మోసి కిటికీలోంచి వీధిలో పోసేదాన్ని. నాలుగు రోజులకి తలుపు తెరుచుకుంది. అయిదో రోజు పక్కింటి గోడ మీద ఒక తల కనిపించింది.

ఆవిడ రత్నమాణిక్యంగారు. భర్త పోయాక ఒక్కర్తే ఆ ఇంట్లో ఉండేది. పదేళ్ళుగా నా దగ్గర చేపలు కొంటోంది. పులస రోజుల్లోనైతే నేను కనబడకపోతే వీధి చివరిదాకా వచ్చి వెతుక్కునేది.

“ఏమ్మా, నువ్వు చేపల లోవమ్మవి కదూ? ఈ ఇల్లు బాగుచెయ్యమని నిన్నెవరు పెట్టారు?”

“మేమే కొనుక్కున్నామండి.”

ఆవిడ నా గంపనీ, నా మోకాళ్ళ దాకా అంటిన మట్టినీ చూసింది. “గుమాస్తాగారి భార్య ఈ గచ్చు మీద ముఖం చూసుకునేదమ్మా. అంత అద్దంలా ఉంచేది. గుడిసెల్లో ఉండేవాళ్ళకి పెంకుటిల్లు నిలబెట్టుకోవడం చేతనవుతుందా? వర్షాకాలం నాటికి మీరే వదిలేసి పోతారు చూడు,” అని గోడ కిందకి దిగిపోయింది.

ఆవిడ తిట్టిందా అంటే తిట్టలేదు. ఎండుటాకు ఊడ్చినట్టు ఊడ్చేసింది, అంతే.

సాయంత్రం గంజి పోస్తూ ఆ సంగతి అత్తకి చెప్పాను. ఇంటి మాటెత్తితే చెవులు మూసుకునే మనిషి. వింటుందని చెప్పలేదు. కడుపులో ఉంచుకోలేక చెప్పాను.

అత్త ముంత దింపింది. “ఎవరే ఆ మాటన్నది?”

“పక్కింటావిడ. రత్నమాణిక్యంగారు.”

“చేతనవుతుందా అందా?”

“అందత్తా.”

అత్త మిగతా గంజి తాగి ముంత కడిగి బోర్లించింది. మర్నాడు నేను చేపలమ్ముకుని వచ్చేసరికి మా కొత్తింటి వాకిట్లో కొంగు నడుముకి బిగించి నిలబడి ఉంది.

“ఇల్లు చూడ్డానికి రాలేదు నేను. ఆవిణ్ణి చూడ్డానికొచ్చాను. ఏదీ?” అంది.

*

ఆవిణ్ణి చూడకముందే అత్త మా పని చూసింది. చూసి నెత్తి కొట్టుకుంది.

“నావలో నీళ్ళు ఎక్కడి నుంచి తోడతార్రా? పల్లం నుంచి కదా? ఈ ఇంటికి పల్లం పెరటి వైపు. మీరు వీధి వైపు నుంచి తవ్వుకుంటూ వస్తున్నారు. వెనక్కి బాట చెయ్యండి ముందు. ఒండ్రు వీధిలో పారబోస్తారా ఎవరైనా? లంకల్లో రైతులు దీని కోసం కొట్టుకు చస్తారు. పెరట్లో పొయ్యండి. ఆనప పాదు పెడితే ఇంటి కప్పంతా కాస్తుంది.”

అంతే, ఆ రోజు నుంచి పని మా చేతుల్లోంచి పోయింది. పార మా ఆయనది, గంప నాది, నోరు అత్తది. పది రోజుల్లో ఇల్లు ఖాళీ అయింది. ఒండ్రు అడుగున గుమాస్తాగారి భార్య ముఖం చూసుకున్న గచ్చు నిజంగానే బయటపడింది. మధ్యలో పగిలింది గానీ నలుపూ నునుపూ పోలేదు. కొబ్బరి పీచుతో తోమి తోమి నా అరిచేతులు పొక్కిపోయాయి.

గోడ మీద రత్నమాణిక్యంగారి తల కనిపించగానే అత్త చీపురు కింద పెట్టేది. వాళ్ళిద్దరి తగువూ వినడానికి వీధిలో మనుషులు ఆగేవారు. తగువంటే జుట్లూ జుట్లూ పట్టుకునేది కాదు. అండీ అంటే అండీ అనుకుంటూనే ఒకరినొకరు కడిగేసుకునేవారు.

“మీ మట్టి దుమ్ము మేము ఎండబెట్టుకున్న ఒరుగుల మీద పడుతోందండీ మరిడమ్మగారూ!”

“వరదలో మీ మట్టి ఎవరి మీద పడిందో మేము అడగలేదు కదండీ!”

సాయంత్రం కాగానే మాత్రం అత్త కాళ్ళూ చేతులూ కడుక్కుని పేటకి వెళ్ళిపోయేది. ఇంట్లో ఎంత ఎండలో పనిచేసినా ఆ గడప లోపల మంచినీళ్ళు ముట్టేది కాదు. దాహమైతే ఏటి దాకా నడిచి వెళ్ళి దోసిలితో తాగి వచ్చేది. నేను చెంబుతో నీళ్ళిస్తే, “మీ ఇంట్లో నీళ్ళు మీరు తాగండి,” అనేది. మా ఆయన మొహం అప్పుడు చూడలేకపోయేదాన్ని.

*

గోడలకి సున్నం వెయ్యాలి. కాకినాడ సరుకు కొనాలంటే మాకున్నదంతా గోడలకే సరిపోతుంది. అత్త పేటలో ఆడవాళ్ళని నలుగురిని పోగేసి, పడవ మీద గోదారి సముద్రంలో కలిసే మొగ దాకా వెళ్ళి గుల్లలు ఏరుకొచ్చింది. మూడు పడవల గుల్లలు. పెరట్లో గొయ్యి తీసి, కొబ్బరి డొక్కలూ గుల్లలూ వరసలు వరసలుగా పేర్చి అంటించింది. రెండు రోజులు కాలింది. చల్లారాక నీళ్ళు చల్లితే బుస్సుమని పొంగి తెల్లగా పిండిలా విచ్చింది. నేను నోరు తెరుచుకుని చూశాను. అది చెయ్యడం అత్తకి వచ్చని నాకు పెళ్ళయిన ఇన్నేళ్ళలో తెలీదు. గుడిసెలో సున్నంతో పనేముంటుంది?

పొగ పక్కింట్లోకి పోయింది కాబట్టి తల పైకొచ్చింది.

“ఏంటండీ ఈ పొగ? మమ్మల్ని ఉండనిస్తారా, పొమ్మంటారా?”

“సున్నం కాలుస్తున్నామండి. పెంకుటిల్లు నిలబెట్టుకోవడం చేతకావాలి కదండీ మరి!”

రత్నమాణిక్యంగారు గొయ్యి వైపు తొంగి చూసింది. కాలిన గుల్ల తెలుపు చూసి ఒక్క క్షణం మెచ్చుకోబోయినట్టే అనిపించింది. అంతలోనే, “బెల్లం నీళ్ళూ కరక్కాయ రసమూ కలపని సున్నం వీపుకంటుకుని వస్తుంది. ఆ మాత్రం తెలిస్తే కదా!” అనేసి దిగిపోయింది.

మర్నాడు అత్త ఒక బెల్లం ముక్కా గుప్పెడు కరక్కాయలూ పట్టుకొచ్చింది. “ఇది మా అమ్మమ్మ చెప్పిన పద్ధతి,” అంది నాతో. నేను అవునన్నాను.

వాసాలకి చెదలు పట్టాయి. పడవలకి రాసే సొర చేప నూనె తెచ్చి వాసాలకీ దూలాలకీ తలుపులకీ రెండు చేతులా పట్టించాడు మా ఆయన. చెదలు పోయాయి. వీధిలో కుక్కలు మాత్రం మా అరుగెక్కి కూర్చున్నాయి. ఇంక పక్కింట్లో ఎలా ఉందో చెప్పక్కర్లేదు.

“మరిడమ్మగారూ! ఆ కంపుకి నేను అన్నం తిని రెండు రోజులైందండీ!”

“చేపల పులుసు కావాలి గానీ చేపలవాళ్ళు పక్కన వద్దా అండీ? పదేళ్ళుగా మా కోడలి గంపలోంచి ఏరుకుని తిన్నప్పుడు కంపు లేదేం?”

వీధిలో ఎవరో కిసుక్కుమన్నారు. అంత మాట అనుండకూడదనిపించింది. రత్నమాణిక్యంగారు కొంగు సర్దుకుని, ఏ మాత్రం తొణక్కుండా, “పులుసు గిన్నెలో ఉంటేనే పులుసండీ. దూలాల మీద ఉంటే కాదు,” అంది.

ఆ సాయంత్రం పేటకి నడుస్తూ ఆవిడ వెనక నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. దారంతా తనలో తాను గొణుక్కుంటోంది. కోపంతో అనుకున్నాను. దగ్గరికెళ్ళి వింటే, “దూలాల మీద ఉంటే కాదట!” అని నవ్వుకుంటోంది.

*

వైశాఖంలో కోరంగి దగ్గర పాత ఓడ ఒకటి విప్పుతున్నారని తెలిసింది. ఒకప్పుడు సముద్రం దాటి రంగం పట్నం దాకా సరుకు మోసిన ఓడట. పొగ ఓడలొచ్చాక దాన్ని అడిగేవాడు లేక రేవులో కుళ్ళిపోతోంది. విప్పడానికి మనుషులు కావాలన్నారు. కూలి డబ్బు వద్దు, కర్ర ఇమ్మని అడిగి మా ఆయన పదిహేను రోజులు అక్కడ పనిచేశాడు.

ఆయన సరుకుతో తిరిగొచ్చిన రోజు ఏటొడ్డు వీధంతా రేవుకి వచ్చింది. పడవలో అడుగు పెట్టడానికి చోటు లేదు. ఓ పొడవాటి బల్ల. తెరచాప గుడ్డ చాపచుట్టలా ఇంత కట్ట. ఇనప గొలుసులు. ఒక టేకు తలుపు, దానికి మధ్యలో గుండ్రటి గాజు కన్ను. గిన్నెలు పెట్టుకునే చిన్న బీరువా, దాని అరలకి ముందు వేలెడెత్తు కర్ర అడ్డు ఉంది.

“ఇదెందుకు?” అన్నాను ఆ కర్ర చూపించి.

“సముద్రంలో ఓడ ఊగితే గిన్నెలు జారి పడకుండా. మనింట్లో తుఫానొచ్చినా చట్టి కింద పడదే లోవా!”

తలుపు వంటింటి గుమ్మానికి పెట్టాం. ఓడ గదికి చేసింది కదా, పొట్టిది. పైన జానెడు ఖాళీ ఉండిపోతే ఇటుకలతో పూడ్చాడు. తల వంచకపోతే నుదురు బొప్పి కడుతుంది. మొదటి బొప్పి ఆయనదే. తెరచాప గుడ్డ చింపి కిటికీలకి కట్టాం. మంచం కోళ్ళు వడ్రంగి దగ్గర చేయించి, పాత వల తాళ్ళతో నులక అల్లుకున్నాం. ఓడ గొలుసులు నడి గది దూలానికి వేసి, ఆ బల్లని వేలాడదీశాం. మా వంశంలో ఉయ్యాల బల్ల మీద కూర్చున్న మొదటి దాన్ని నేనే. భయపడుతూ కూర్చుంటే ఆయన ఒక్క తోపు తోశాడు. నేను కెవ్వుమన్నాను.

అత్త గుమ్మంలో నిలబడి చూస్తోంది. గొలుసు దగ్గరికి వచ్చి లాగి చూసింది, బల్ల మీద చేత్తో తట్టింది. “మంచి టేకు,” అంది. కూర్చోమన్నాను. “పనుంది,” అని పెరట్లోకి వెళ్ళిపోయింది.

జ్యేష్ఠంలో పాలు పొంగించాం. మా అమ్మాయి వీరవేణి అత్తవారింటి నుంచి మొగుడితో వచ్చింది. అత్త తెల్లవారకముందే వచ్చి గడపకి పసుపు రాసింది, మామిడాకు కట్టింది, పొయ్యి వెలిగించింది, పేటవాళ్ళందరికీ వడ్డించింది. అందరూ తిన్నాక చూస్తే తాను లేదు. మామూలుగానే వెళ్ళిపోయింది.

*

ఎర్రనీరు ఆ ఏడు ఎగువ నుంచి తొందరగా దిగింది. ఆషాఢం మొదట్లోనే గోదారి రంగు మారి, గట్టు కింద సుళ్ళు తిరగడం మొదలెట్టింది. పల్లంరాజు కొత్తింటికి వచ్చెయ్యమని తల్లి కాళ్ళు పట్టుకున్నంత పనిచేశాడు.

“నాలుగు రోజులు చూద్దాంలే. ఇంకా అంత నీరు రాలేదు,” అంది అత్త.

తల్లిని వదల్లేక ఆయన రాత్రుళ్ళు గుడిసెలోనే పడుకునేవాడు. అంత ఇంట్లో నేనొక్కదాన్నే. ఇంత కష్టపడి కుదుర్చుకున్నది నాకొక్కదానికేనా అనిపించేది.

ఒక రోజు పొద్దున్న గాలికి రత్నమాణిక్యంగారి మునగ కొమ్మ విరిగి మా కప్పు మీద పడింది. రెండు పెంకులు పగిలాయి. నేను చేపల కోసం గంపతో పేటకెళ్ళినప్పుడు మాటల్లో ఆ సంగతి అత్తకి చెప్పాను. వలా తాడూ పక్కన పారేసి నాతో పాటే బయలుదేరింది.

“ఏవండీ రత్నమాణిక్యంగారూ! మీ చెట్టు మా పెంకులు పగలగొట్టిందండీ!”

“గాలి పగలగొట్టిందండీ. గాలి నాదా?”

“కొమ్మ మీదా కాదా?”

“అయితే ఆ కొమ్మ మునక్కాయలు ఇటివ్వండి. పెంకుల సంగతి అప్పుడు మాట్లాడతాను.”

“పెంకులు పగిలింది మాకు, కాయలు మీకా అండీ?”

ఎండ నడినెత్తికొచ్చినా తగువు తెగలేదు. మధ్యలో ఆవిడ వెళ్ళి అన్నం తినొచ్చింది. మా అత్త తినకుండా అలాగే ఆనప పాదు పక్కన నిలబడింది. మళ్ళీ మొదలెట్టారు. అప్పుడు ఏటి వైపు నుంచి, బరువైన మూట నీళ్ళలో పడేసినట్టు ఒక చప్పుడు వినిపించింది. కాసేపటికి మా పేట గంగయ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు. రొప్పుతూ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. అత్తని చూసి, “ఇక్కడున్నావా!” అని అరిచాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

“ఏంట్రా?”

“గట్టు జారిపోయిందత్తా. మీ గుడిసె... నువ్వు లోపలున్నావేమోనని...”

అత్త గోడ మీద చెయ్యి వేసుకుంది. “మా వాడో?”

“ఏట్లో ఉన్నాడు. అవతల రేవులో. బానే ఉన్నాడు.”

“కోళ్ళు?”

“ఎగిరిపోయాయి.”

“ఇంకెవరూ లేరుగా లోపల?”

“లేరు.”

సరేనన్నట్టు తలూపి, ఆ ఒండ్రు మట్టి మీదే కూర్చుండిపోయింది అత్త. రత్నమాణిక్యంగారు గోడ మీద నుంచి అన్నీ విన్నది. చాలా మెల్లిగా, “పెంకులు నేనే వేయిస్తానండి,” అని దిగిపోయింది.

నేను చెంబుతో నీళ్ళు తెచ్చి అత్త చేతికిచ్చాను. ఆవిడ నీళ్ళ వైపు చూడకుండానే తాగింది.

*

మూడు రోజులు అత్త నోరు విప్పలేదు. పెరటి వసారాలో గోడ వైపు తిరిగి కూర్చునేది. ముద్ద పెడితే రెండు మెతుకులు కతికి చెయ్యి కడుక్కునేది. మా ఆయన పక్కన కూర్చుని, “అమ్మా, ఏదో ఒకటి అను. తిట్టు,” అని బతిమాలాడు. తిట్టలేదు. ఏటి వైపు తిరగను కూడా తిరగలేదు. ఇల్లంతా తానే నిలబెట్టి, ఆ ఇంట్లో వానకి తడిసిన చుట్టం లాగా ఓ మూల ఒదిగి కూర్చుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం వీధి తలుపు చప్పుడైంది. చూస్తే రత్నమాణిక్యంగారు. ఈ మూడు నెలల్లో ఆవిణ్ణి గోడకి పైన భుజాల దాకానే చూశాను. మా గడప దగ్గర మొత్తం మనిషిని చూసేసరికి ఎలా పలకరించాలో తెలియలేదు. చేతిలో మునక్కాయల కట్ట. నా చేతికిచ్చి, నన్ను దాటుకుని, గది తరవాత గది చూసుకుంటూ లోపలికి నడిచింది. బీరువా చూసింది. ఉయ్యాల చూసింది. వంటింటి గుమ్మంలో నుదురు కొట్టుకుంది. “అబ్బా!” అని రుద్దుకుంటూనే పెరటి వసారాలోకి వెళ్ళింది.

అత్త తల తిప్పలేదు.

ఆవిడ గోడ దగ్గరికెళ్ళి వేలితో గీసి, ఆ వేలు వెలుగులో పెట్టి చూసుకుంది.

“సున్నం ఒక్క పూత వేసి సరిపెట్టేశారన్నమాట. ఎవరు వేశారో గానీ, చేతకాని పని,” అంది.

ఈ సమయంలో ఇదేం మాట? మా ఆయన వంటింట్లోంచి లేచి రాబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఎందుకు పెట్టానో అప్పటికి నాకూ తెలీదు.

అత్త మెల్లిగా ఇటు తిరిగింది.

“ఒక్క పూతా?”

“కాదేంటి మరి?”

“రెండు!” మూడు రోజులు వాడని గొంతు బొంగురుగా వచ్చింది. అత్త దగ్గి, గొంతు సవరించుకుని, చెయ్యి నేలకి ఆన్చి లేచింది. “రెండు పూతలు! ఈ రెండు చేతులతో వేశాను. గుల్ల నేను ఏరాను, నేను కాల్చాను. నా ఇంటికొచ్చి, నా గోడ గీకి, నాకే వంకలు పెడతావేంటి వదినా?”

“వంక ఉంది కాబట్టి పెట్టాను. ఇదిగో, ఈ మూల చూడు, ఎలా పెచ్చులూడుతోందో.”

“ఏదీ? ఎక్కడ? అది నీ గోరు గుర్తు!”

ఇద్దరూ ఆ మూలకి వంగారు. వంటింటి తలుపు గాజు కంట్లోంచి మేమిద్దరం చూస్తున్నాం. రెండు నెరిసిన తలలు, ఒకదాని పక్కన ఒకటి. కాసేపు గొంతులు లేచాయి, తగ్గాయి, మళ్ళీ లేచాయి. సున్నం నుంచి బెల్లానికీ, బెల్లం నుంచి మునక్కాయల పులుసులో ఎంత చింతపండు వెయ్యాలనేదానికీ వెళ్ళింది తగువు. ఎవరూ నెగ్గేలా లేరు.

పల్లంరాజు తలగుడ్డతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగాడు.

“ఎసట్లో ఇంకో రెండు గిద్దెలు బియ్యం ఎక్కువ పొయ్యవే. ఇద్దరూ తింటారు,” అన్నాడు.